ఈ సీటు మీద దస్తీ ఎవరిది?

వేదిక మీది పెద్దలకు, సార్లకు, మేడంలకు నమస్కారం. శాలువా వద్దని ఫోన్‌లోనే చెప్పాను, అయినా కప్పారు, ఈ ఎండలో. సరే. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బ్యానర్ మీద ఏదో పెద్ద పేరు రాశారు, దాన్ని వదిలేయండి. డేటాబేస్‌లో ఇరుక్కుపోయిన జాగా వెనక్కి ఎట్లా వస్తుంది, ఎట్లా రాదు, ఈరోజు మాట అదే. ముప్పై రెండు స్లైడ్లు తెచ్చాను, ఎన్ని అవుతాయో చూద్దాం.

పండగ ముందురోజు మన నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు కోసం ఉరికినవాళ్లు చేతులెత్తండి. అబ్బో, అందరూనా! బస్సు ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేస్తాం కదా. దస్తీ పడిందంటే ఆ సీటు మనది. ఇప్పుడు ఒకాయన దస్తీ వేశాడు, కూర్చున్నాడు, మధ్యలో దిగిపోయాడు, దస్తీ మాత్రం సీటు మీదే వదిలేశాడు. తర్వాత ఎక్కినవాళ్లు దాన్ని చూసి ఎవరో ఉన్నారనుకుని నిలబడతారు. బస్సు సగం ఖాళీ, జనమేమో రాడ్డు పట్టుకుని వేలాడుతున్నారు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో టేబుల్ ఉబ్బడమంటే ఇదే.

టేబుల్‌లో ఒక వరుసను మార్చమని అప్‌డేట్ కొడితే పాత వరుస చెరిగిపోయి దాని మీదే కొత్తది పడుతుందని మీరనుకుంటారు. పడదు. కొత్త వరుస వేరే చోట రాస్తుంది, పాతది అక్కడే ఉంటుంది, ఎందుకంటే అదే టైంలో ఇంకొకరు ఆ పాతదాన్నే చదువుతూ ఉండొచ్చు. డిలీట్ కూడా అంతే, గుర్తు పెట్టి పోతుంది. 1980ల్లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో స్టోన్‌బ్రేకర్ అనే ప్రొఫెసర్ బృందం ఈ పోస్ట్‌గ్రెస్‌ను కట్టినప్పుడు పాత వరుసలను కావాలనే ఉంచారు, ఒకప్పుడు డేటా ఎట్లా ఉండేదో అడిగినా చెప్పగలగాలని. ఆ పాతవాటిని ఊడ్చే పనికి అప్పుడే వాక్యూమ్ క్లీనర్ అని పేరు పెట్టారు. ఆ పేరులో చివరి ముక్క పోయి వాక్యూమ్ మిగిలింది.

వాక్యూమ్ అంటే మన కండక్టర్. సీటు సీటుకూ పోయి "ఈ దస్తీ ఎవరిది?" అని అడుగుతాడు, ఎవరూ పలకకపోతే తీసేస్తాడు. సీటు ఖాళీ అయింది, కొత్తవాళ్లు కూర్చుంటారు. కానీ బస్సు చిన్నది కాలేదు కదా! ఇక్కడే కొత్త పిల్లలు బేజారవుతారు. రాత్రంతా వాక్యూమ్ కొట్టాం సార్, డిస్కులో ఒక్క జీబీ తగ్గలేదు అంటారు. తగ్గదు. ఆ జాగా ఆ టేబుల్‌కే దక్కింది, రేపటి వరుసలు అందులో పడతాయి. ఫైలు చివరి పేజీలు పూర్తిగా ఖాళీ అయితే ఆ తోక కోసి ఇస్తుంది, అది మన అదృష్టం.

మరి జాగా డిస్కుకే కావాలంటే వాక్యూమ్ ఫుల్. అంటే పక్కన చిన్న బస్సు తెచ్చిపెట్టి, అందరినీ దింపి అందులోకి ఎక్కించడం. అది అయ్యేదాకా ఎవరూ ఎక్కకూడదు, దిగకూడదు, కిటికీలోంచి తొంగి కూడా చూడకూడదు. ఊరికే చదివే సెలెక్ట్ కూడా ఆగిపోతుందన్నమాట. పైగా రెండో బస్సు పెట్టడానికి జాగా ఉండాలి. డిస్కు 95 శాతం నిండిన రోజు వాక్యూమ్ ఫుల్ కొట్టేవాణ్ని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, భయమూ వేస్తుంది. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ వాడేవాళ్లు సంబరపడకండి, అక్కడ పాత వరుసలు అన్‌డూ అనే వేరే చోటికి పోతాయి గానీ డిలీట్ చేసినంత మాత్రాన ఫైలు తగ్గడం అక్కడా ఉండదు, ఆప్టిమైజ్ టేబుల్ కొట్టి టేబుల్‌ను మళ్లీ కట్టాల్సిందే.

ఈ కండక్టర్ తనంతట తాను తిరగడాన్నే ఆటోవాక్యూమ్ అంటాం. 2008లో వచ్చిన 8.3 వెర్షన్ నుంచి అది మొదటినుంచే ఆన్‌లో ఉంటుంది. దాన్ని ఆపేసే పెద్దమనుషులున్నారు చూడండి, సర్వర్ స్లో అవుతోందని! ఇంట్లో చీపురు చప్పుడు చేస్తోందని ఊడ్వడం మానేసినట్టు. ఆపకండి, ఇంకా ఎక్కువసార్లు తిప్పండి. మామూలుగా టేబుల్‌లో 20 శాతం వరుసలు, పైన ఇంకో 50 చస్తేగానీ, అంటే ఎవరికీ అక్కర్లేని పాతవైతేగానీ, అది లేవదు. కోటి వరుసల టేబుల్ అయితే 20 లక్షల దస్తీలు పోగయ్యాకన్నమాట. అట్లాంటి టేబుల్ ఒక్కదానికే ఆ 20 శాతాన్ని, అంటే సెట్టింగులోని 0.2ను, 0.02 చేయండి, 2 లక్షలకే లేస్తుంది.

ఇదంతా మాన్యువల్‌లో ఉంటుంది. నేను ఇంత దూరం వచ్చింది వేరే మాట చెప్పడానికి. ప్రిన్సిపాల్ సారూ, ఒక పది నిమిషాలు.

2013లో నేను ఒక కంపెనీలో చేసేవాణ్ని, పేరు అక్కర్లేదు. మిర్యాలగూడ వైపు కొన్ని రైస్ మిల్లులకు కాంటా సాఫ్ట్‌వేర్ మాదే. లారీ గేటుకు వచ్చిందంటే ఒక అప్‌డేట్, టోకెన్ ఇస్తే ఒకటి, కాంటా ఎక్కితే ఒకటి, వడ్లు దించి ఖాళీగా ఎక్కితే ఇంకొకటి. లారీకి తక్కువలో తక్కువ నాలుగు చచ్చిన వరుసలు. సీజన్‌లో లైను రోడ్డు మీదికి వస్తుంది, మీకు తెలియంది కాదు. రాత్రి డ్యూటీలో ఒక కాంట్రాక్టు పిల్లగాడు ఉండేవాడు, హాలియా వైపు నుంచి వచ్చాడు, నన్ను అన్నా అనేవాడు. టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టె తెచ్చి సగం నాకు పెట్టేవాడు.

ఒక రాత్రి రెండింటికి డిస్కు నిండబోతోందని అలర్ట్ వచ్చింది. నాకు ఫోన్ చేశాడు, నేను ఎత్తలేదు, నిద్రలో ఉన్నాను. వాడు తనకు తెలిసింది చేశాడు. పోయిన సీజన్ వరుసలకు డిలీట్ కొట్టాడు. డిలీట్ జాగా ఇవ్వదని ఇప్పుడే చెప్పాను కదా, ఇవ్వకపోగా తాను చేసే ప్రతి పనినీ లాగ్‌లో రాసుకుంటుంది, ఆ లాగ్ కూడా అదే డిస్కులో. ఉన్న కాస్తా నిండి సర్వర్ పడిపోయింది. తెల్లారేసరికి కాంటా దగ్గర లారీలు ఆగిపోయాయి, డ్రైవర్లు తిట్లు, మిల్లువాళ్ల ఫోన్లు. పాత బ్యాకప్ ఒకటి అదే డిస్కులో ఉంటే తీసేసి సర్వర్ లేపాం. డిలీట్ కమిట్ కాకముందే, అంటే ఖాయం కాకముందే, పడిపోయింది కాబట్టి ఒక్క వరుస కూడా పోలేదు. అయినా మేనేజర్, డేటా తీసేయబోయాడని మధ్యాహ్నానికల్లా వాణ్ని పంపించేశాడు.

నేను నా సీటు దగ్గరికి పోయి మానిటర్ ఆన్ చేశాను. ఒక నల్ల విండో తెరిచే ఉంది. ప్రాంప్టులో చిన్న నక్షత్రం. తమ్ముళ్లూ, పోస్ట్‌గ్రెస్‌కు కమాండ్లు కొట్టే ఆ విండోలో, పీఎస్‌క్యూఎల్‌లో, ఆ నక్షత్రం అంటే ట్రాన్సాక్షన్, అంటే ఒక పని, మొదలుపెట్టి ముగించలేదని. దాని పైన పని మొదలుపెడుతూ నేను కొట్టిన బిగిన్, ఒక అప్‌డేట్. పాత సీజన్‌లో ఒక లారీ నంబరు తప్పు పడితే సరిచేశాను. అది తొమ్మిది రోజుల కిందట. కమిట్ కొట్టకుండా మా మేనమామ బిడ్డ పెళ్లికి పోయాను. అది పాత వరుస కాబట్టి ఎవరూ దాన్ని ముట్టలేదు, ఎవరికీ అడ్డం రాలేదు, ఎవరికీ తెలియలేదు. ఆ తొమ్మిది రోజులూ కండక్టర్ తిరుగుతూనే ఉన్నాడు, దస్తీ ఎవరిదని అడుగుతూనే ఉన్నాడు, నా సెషన్ ఒక్కటే "ఉండు, నాకు కావాలేమో" అని అన్నిటికీ పలుకుతోంది. నాకన్నా తర్వాత చచ్చిన ఏ వరుసనూ తీయడానికి లేదు. నిజానికి వాక్యూమ్ వర్బోస్, అంటే వివరాలు చెబుతూ ఊడ్చే కమాండ్, కొడితే అదే చెబుతుంది, ఇన్ని చచ్చిన వరుసలు ఇంకా తీయడానికి వీల్లేదు అని. ఎవరం చూశాం?

కమిట్ అని కొట్టాను. కనెక్షన్ తెగిపోయిందని వచ్చింది. విండో మూసేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడైతే అట్లా తెరిచి వదిలేసిన సెషన్‌ను దానంతట అదే తెంపే సెట్టింగు ఉంది, ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమౌట్, 2016లో పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్‌తో వచ్చింది. నేను పోయిన ప్రతి చోటా మొదట అదే పెడతాను. రెండోది, డిస్కులో 2 జీబీ ఉత్త ఫైలు ఒకటి పడేసి ఉంచుతాను, మా అమ్మ పోపుల డబ్బాలో డబ్బు దాచినట్టు, అర్ధరాత్రి అవసరానికి తీసేయడానికి. ఆ రెండూ ఆ రాత్రి ఉండి ఉంటే అని ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. లేవు. కానీ నోరు ఉంది కదా నాకు, ఆ మధ్యాహ్నం.

చీటీ వచ్చింది, భోజనాలకు టైం అయిందట. స్లైడ్లు నాలుగు కూడా కాలేదు, మిగతావి మీ ల్యాబు సారుకు ఇచ్చిపోతాను. ఇక్కడ హాలియా వైపు వాళ్లు ఎవరన్నా ఉన్నారా? వెనక ఇద్దరు, ముందు ఒక చెల్లె. మీ ఊళ్లలో 2013లో హైదరాబాద్‌లో రాత్రి డ్యూటీ చేసి ఉన్నట్టుండి ఇంటికి వచ్చేసిన ఒక అన్న గురించి తెలిసినవాళ్లు ఉంటే, భోజనాల దగ్గర నన్ను కలవండి. పేరు మైకులో చెప్పను, మీ చెవిలో చెబుతాను.