పవర్ బాగానే ఉంది, మరి ఎర్రర్లు ఎందుకొస్తున్నాయి?

అందరికీ నమస్కారం. ఫీల్డ్‌లో ఫైబర్ పని చేసేవాళ్ళకి లింక్‌లో ఏ తేడా వచ్చినా ముందు చెయ్యి పోయేది పవర్ మీటర్ మీదికే. రీడింగ్ బాగుంటే కేబుల్ బాగున్నట్టే అనుకుంటాం. స్పీడ్ తక్కువున్నన్నాళ్ళు ఆ లెక్క నడిచింది, 10జీ (సెకనుకి 10 గిగాబిట్లు) దగ్గరికొచ్చేసరికి నడవదు, వెలుగు పుష్కలంగా వస్తుంది కానీ బిట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వస్తాయి.

10జీ అంటే ఒక్కో బిట్‌కి దొరికే టైమ్ 100 పికోసెకన్లు (సెకనులో లక్ష కోట్లో వంతు ఒక పికోసెకను). ఫైబర్‌లో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి ఆ బిట్ పొడవు గాజు లోపల 2 సెంటీమీటర్లే! ఎంత మంచి లేజరైనా డేటా ఎక్కించగానే దాని వెలుగు ఓ 0.1 నానోమీటర్ వరకు వెడల్పవుతుంది, అందులో ఒక్కో వేవ్‌లెంగ్త్‌ది ఒక్కో స్పీడ్. మామూలు జీ.652 రకం ఫైబర్‌లో 1550 నానోమీటర్ల వేవ్‌లెంగ్త్ దగ్గర, వెడల్పులో ఒక్కో నానోమీటర్‌కి, దూరంలో ఒక్కో కిలోమీటర్‌కి 17 పికోసెకన్ల తేడా, దీన్నే డిస్పర్షన్ అంటారు. 0.1 నానోమీటర్ వెడల్పుకి, 80 కిలోమీటర్లకి కట్టి చూడండి, 136 పికోసెకన్లు వస్తుంది, అంటే బిట్ తన 100 దాటి పక్కదాని మీదికి పోయింది. 40జీకి కష్టం 4 రెట్లు కాదండీ 16 రెట్లు, ఎందుకంటే బిట్ టైమ్ పావు వంతుకి తగ్గింది, పైగా స్పెక్ట్రమ్ 4 రెట్లు పెరిగింది.

ఇంకోటి, రిసీవర్‌కి క్లాక్ విడిగా రాదు, వచ్చే బిట్ల అంచులు చూసే పట్టుకోవాలి. ఆ అంచులే అరిగిపోతే జిట్టర్ (అంచులు అటూఇటూ జరగడం) పెరుగుతుంది, బిట్లన్నీ ఒకదాని మీద ఒకటి వేసి చూపే ఐ డయాగ్రమ్‌లో కన్ను మూసుకుపోతుంది, ఎప్పుడు శాంపిల్ చేయాలో దానికే తెలియదు.

మరి డిస్పర్షన్ సున్నా చేసేస్తే పోలేదా అంటే, జీ.653 అనే రకం ఫైబర్‌తో 1550 దగ్గర అదే చేశారు, జపాన్‌లో బాగా వేశారు కూడా. తీరా డీడబ్ల్యూడీఎమ్ (ఒకే ఫైబర్‌లో ఎన్నో వేవ్‌లెంగ్త్‌లు ఛానళ్ళుగా పంపే పద్ధతి) వచ్చాక అన్ని ఛానళ్ళూ అడుగు కలిపి నడిచి, ఫోర్ వేవ్ మిక్సింగ్‌తో, అంటే ఛానళ్ళు కలిసి కొత్త వేవ్‌లెంగ్త్‌లు పుట్టించడంతో, ఒకదాన్నొకటి పాడుచేసుకున్నాయి. అందుకే నేను డిస్పర్షన్‌ని శత్రువనను, కొంచెం ఉండాలి, చివర్లో సరిచేసుకోవాలి. మొదట్లో రివర్స్ డిస్పర్షన్ ఉన్న ఫైబర్ చుట్టలు పెట్టి సరిచేశారు, 2008 ప్రాంతం నుంచి కోహెరెంట్ రిసీవర్లొచ్చి (వెలుగు బలంతో పాటు దాని ఫేజ్ కూడా పట్టేవి) డీఎస్పీ చిప్‌లో, అంటే సిగ్నల్ లెక్కలు చేసే చిప్‌లో, లెక్కగట్టి ఆ తేడాని వెనక్కి తిప్పుతున్నాయి. నా దృష్టిలో ఈ రంగంలో ఇంత అందమైన పని ఇంకోటి లేదు.

పీఎమ్‌డీ (పోలరైజేషన్ మోడ్ డిస్పర్షన్, వెలుగులోని రెండు పోలరైజేషన్లు వేర్వేరు స్పీడుల్లో పోవడం) మాత్రం మొండిది, ఎండకి, కేబుల్ మీద ఒత్తిడికి గంటగంటకీ మారుతుంది. 1990ల మొదట్లో వేసిన కేబుల్ మీద స్పీడ్ పెంచబోతుంటే ముందు దాని పీఎమ్‌డీ టెస్ట్ చేయించండి, ఎక్కువ స్పీడ్ కార్డులు (పరికరంలో పెట్టేవి) తర్వాత కొనొచ్చు.