వెలి

శ్రోతలకు నమస్కారం.

చిన్నప్పుడు మా నాయనమ్మ నోట విన్న మాట ‘వెలి’. వెలిపడ్డ ఇంటికి ఊళ్లో నిప్పు పుట్టదు, నీళ్లు పుట్టవు. పలకరించినవాళ్లకూ జరిమానాయే. నిజామాబాద్, జగిత్యాల వైపు గ్రామాభివృద్ధి కమిటీల పేరిట ఇలాంటి బహిష్కరణలు ఈ కాలంలోనూ జరిగాయి, పోలీసు కేసులూ అయ్యాయి. అది అన్యాయమే. కానీ ఆ వెలికైనా ఒక గడువుండేది. తప్పు కట్టి, పదిమందిలో దండం పెడితే మళ్లీ కలుపుకునేవారు. ఫోన్లో వేసే వెలికి గడువు లేదు.

హన్మకొండలో నేను బత్తాయిలు కొనే బండి ఒకటుండేది. రెండేళ్ల కింద ఒక వీడియో వచ్చింది. ఎవరో తరాజు పళ్లెం ఎత్తి తిప్పారు. అడుగున రూపాయి బిళ్లంత నల్లటి అయస్కాంతం. బండాయన మొహం, బండి మీద రాసిన ఫోన్ నంబరు, రెండూ కనిపిస్తున్నాయి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో దాన్ని పెట్టింది నేనే.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ పుకార్లు పాకి, మన రాష్ట్రంలోనూ అమాయకుల ప్రాణాలు పోయాయి. ఆ ఏడాదే వాట్సాప్, ఒక సందేశాన్ని ఒకేసారి 5 చాట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. అవి అబద్ధాలు. ఇదేమో నిజం. నిజమే కదా అని నేను ఇంకేమీ ఆలోచించలేదు.

తప్పు చేశాడా? చేశాడు. తూనికలు కొలతల శాఖకు చెబితే జరిమానా వేసేవారు, కట్టాక అక్కడితో అయిపోయేది. మనం వేసిన శిక్ష అయిపోలేదు. రాత్రంతా ఫోన్లు, తిట్లు. బడిలో ఆయన బిడ్డకు ‘అయస్కాంతం’ అని పేరు పెట్టారు. ఆ పిల్ల ఏ తరాజూ ముట్టలేదు.

మొన్న దసరాకు కాజీపేటలో కనిపించాడు. కొత్త ఎలక్ట్రానిక్ కాంటా, అంకెలు గిరాకీ వైపు తిప్పి పెట్టుకున్నాడు. నేను అడగకుండానే పళ్లెం తీసి, అడుగు చూపించాడు. “అక్కా, నువ్వే చూసుకో” అన్నాడు. అందరికీ ఇట్లనే చూపిస్తడట. వీడియో పంపింది నేనేనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఒక్కటే అడుగుతాను. తప్పు సంగతి ఏ గ్రూపులో పంపారో, దిద్దుకున్న సంగతీ అదే గ్రూపులో పంపండి. అదే గ్రూపులో. ఆ సాయంత్రం నేను రాశాను. చాలాసేపు ఎవరూ పలకలేదు. రాత్రి పదింటికి కింది అంతస్తు పెద్దమ్మ అడిగింది: “బత్తాయిలు కిలో ఎంతకిస్తున్నడు బిడ్డా?”