అరచేతిలో ఇమిడే ఇత్తడి కోటలు

శ్రోతలకు నమస్కారం.

ఇంగ్లండు పల్లెల్లో పాతకాలపు మద్యశాలల్లో నల్లబారిన దూలాలకు ఇత్తడి బిళ్లలు వరసగా వేలాడుతుంటాయి. ఒక్కొక్కటి మూడంగుళాల పైచిలుకు ఉంటుంది. తోలుపట్టీ దూర్చడానికి పైన ఒక సందు. ఒకదాని మీద సూర్యుడు, ఒకదాని మీద నెలవంక, మరొకదాని మీద గోధుమ పన. ఇవి గుర్రాలకు కట్టిన ఆభరణాలు. వీటిలో కోటలూ చారిత్రక కట్టడాలూ ఉన్న బిళ్లలను సేకరించడం గురించి ఇవాళ మాట్లాడాలనుకుంటున్నాను. పాతవస్తువులు సేకరించేవారిలో చాలామందికి ఇవంటే చిన్నచూపు. అది అన్యాయమని నా గట్టి నమ్మకం.

పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి బ్రిటన్‌లో బరువులు లాగే షైర్, క్లైడ్స్‌డేల్ జాతుల గుర్రాలను బండివాళ్లు ఈ బిళ్లలతో ముస్తాబు చేసేవారు. నుదుటి మీద ఒకటి, మెడపట్టెడ నుంచి రొమ్ము మీదుగా ముందుకాళ్ల మధ్యకు దిగే పట్టీ మీద మరికొన్ని. మన రైతులు ఎద్దుల కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడిగి మురిసిపోయినట్టే వాళ్లూ మురిసిపోయేవారు. 1885లో లండన్‌లో బండి గుర్రాల ప్రదర్శన మొదలయ్యాక ఈ ముచ్చట పోటీగా మారింది. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికీ 1897లో వజ్రోత్సవానికీ ఆమె బొమ్మతో బిళ్లలు పోశారు. దిష్టి తగలకుండా అనాదిగా కట్టేవారన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది కానీ, దానికి తగిన ఆధారాలు లేవు.

తోలు సామానుకు, గుర్రపు సామానుకు పేరుపడ్డ ఇంగ్లండులోని వాల్సాల్ పట్టణం వీటికీ కేంద్రమే. చెక్కమాదిరిని తడి ఇసుకలో అద్ది, ఆ అచ్చులో కరిగిన ఇత్తడి పోసేవారు. బిళ్ల వెనక రెండు చిన్న మొటికలు పోతలోనే వచ్చేవి. వాటిని వైస్ అనే బిగింపు పరికరంలో బిగించి ముందువైపు ఆకురాయితో నున్నగా రాసేవారు, ఆ తర్వాత మొటికలనూ అరగదీసేవారు. పాత బిళ్లను తిరగేసి చూస్తే, ఆ రెండు చోట్లా మసక మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి.

కోటల బిళ్లలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దపువి. లారీలు, ట్రాక్టర్లు వచ్చి గుర్రాలు పనికి దూరమవుతున్న కాలంలో, విహారయాత్రలకు వెళ్లే జనం పెరిగారు. విండ్సర్ కోట, ఎడిన్‌బరో కోట, లండన్ టవర్, స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్ పుట్టిన ఇల్లు, ఇవన్నీ బిళ్లలకెక్కాయి. గుర్రం మొహం చూడకుండానే నేరుగా గోడ మీదికి వెళ్లినవే ఎక్కువ. చిన్నచూపుకు కారణం అదే.

కానీ ఆ కోటల చెక్కమాదిరులు చెక్కిన మనిషికి ఎదురైన చిక్కు చూడండి. కొండంత రాతికట్టడాన్ని మూడంగుళాల్లో ఇమడ్చాలి. సన్నని గీతలు ఇసుక అచ్చులో నిలవవు. చుట్టూ ఖాళీలు వదలకపోతే కోట రూపురేఖలు తేలవు. మరీ వదిలితే బిళ్ల విరుగుతుంది. నా దగ్గర వేల్స్‌లోని కార్నార్వన్ కోట బిళ్ల ఒకటి ఉంది. మొదటి ఎడ్వర్డ్ రాజు 1283లో మొదలుపెట్టించిన ఆ కోట బురుజులు గుండ్రనివి కావు, పలకలు తీరినవి. ఆ పనివాడు ఒక్కొక్క బురుజుకు రెండేసి నిలువు గట్లు మాత్రం లేపాడు. వెలుతురు పక్కనుంచి పడితే చాలు, పలకలన్నీ లెక్కకు వస్తాయి. రాళ్ల వరసల జోలికి అసలు పోలేదు. ఏది వదిలేయాలో అంత బాగా ఎరిగిన చెయ్యి అది.

ఇంగ్లండులోని లింకన్ పట్టణపు పెద్ద చర్చి, లింకన్ కెథీడ్రల్‌కు ఇంకో ఉపాయం దొరికింది. అంత పెద్ద భవనాన్ని పక్కన పెట్టి, లోపల స్తంభాల పైన కాలుమీద కాలేసుకుని కూర్చున్న చిన్న రాతి పిశాచాన్ని బిళ్లకెక్కించారు. దేవదూత దాన్ని రాయిగా మార్చాడని అక్కడి కథ. ఆ బొమ్మ చూస్తే చాలు, ఊరు పేరు చెప్పేస్తారు.

కొనాలనుకునేవారు ముందుగా బిళ్లను వెనక్కి తిప్పండి. గుర్రం మీద వేలాడినదైతే పట్టీ దూరే సందు అంచు అరిగి ఉంటుంది, తోలుకు రాసుకుని వీపు నునుపు దేరుతుంది. వీపు గరుకుగా, సందు పదునుగా ఉంటే అది జ్ఞాపికగా చేసినదే కావచ్చు. అలాంటిదాన్ని పాతదని చెప్పి ఎక్కువ ధర అడిగితే మాత్రం ఇవ్వకండి. ఇత్తడి కదా అని చింతపండుతో రుద్ది వదిలేయకండి కూడా. పులుపు నిలిస్తే లోహంలోని తుత్తునాగం కరిగి, ఎర్రటి మచ్చలు తేలతాయి. పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

బ్రిటన్‌లో నేటికీ బరువు గుర్రాల ప్రదర్శనలు జరుగుతున్నాయి, బిళ్లలు కట్టుకునే గుర్రాలు నడుస్తున్నాయి. కాబట్టి జ్ఞాపికగా పుట్టిన కోట కూడా ఏదో ఒక రోజు గుర్రం రొమ్ముకెక్కి ఉండవచ్చు. సందు అరిగిన కోట బిళ్ల కోసం నేను ఇంకా వెతుకుతూనే ఉన్నాను.