రాయి అరిగేలోపు

శ్రోతలందరికీ నమస్కారం.

పాలంపేట రామప్ప గుడికి పోయినవాళ్లు మదనికల ముందు, అంటే చూరు కింద నిలిచిన ఆడ శిల్పాల ముందు, ఫొటో దిగకుండా రారు. ఆ ఫొటోల్లో మనమే ఉంటాం, మదనిక ఎక్కడో వెనక ఉంటుంది. ఈ పూట శిల్పం కోసమే తీసే ఫొటోల సంగతి మాట్లాడుకుందాం.

ఫొటోల నుంచి శిల్పాన్ని కంప్యూటర్‌లో నిలబెట్టే పద్ధతి పేరు ఫొటోగ్రామెట్రీ. శిల్పం చుట్టూ తిరుగుతూ, ఒక ఫొటోలోని భాగం పక్క ఫొటోలోనూ సగానికి మించి పడేటట్టు తీసుకుంటూ పోతారు. ఒకే చుక్క ఏ ఫొటోలో ఎక్కడ పడిందో చూసి, అది ఎంత లోతున ఉందో కంప్యూటర్ లెక్క కడుతుంది. అట్లాంటి లక్షల చుక్కలు కలిస్తే ఆకారం వస్తుంది. పక్కన స్కేలు పెట్టి తీయకపోతే మాత్రం ఆ బొమ్మ జానెడో నిలువెత్తో తేలదు.

1213 నాటి ఆ మదనికలతో ఒక చిక్కుంది. నున్నగా మెరుగు పెట్టిన నల్లరాయి అది. కెమెరా జరిగితే రాతి మీది మెరుపూ జరుగుతుంది, లెక్క తప్పుతుంది. అందుకే లైటుకొకటి, లెన్సుకొకటి పోలరైజింగ్ ఫిల్టర్లు బిగించి, ఆ మెరుపు పోయేదాకా ఒకదాన్ని తిప్పుతారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటి శిల్పుల పనితనం నేటి కెమెరాను ఇంత కష్టపెడుతోందంటే నాకు గర్వంగా ఉంటుంది.

హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాళ్లు విప్పి, మళ్లీ కట్టి, 2024లో తెరిచారు. అట్లాంటి పనికి ఏ రాయి ఎక్కడిదో తెలియాలి. ముందే ఇట్లాంటి ఫొటోలు తీసి పెట్టుకుంటే అది తెలుస్తుంది.

రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, చూసేవాళ్లున్నారు. నా బెంగంతా చెరువుకట్టల మీది వీరగల్లుల గురించి, అంటే పోరులో పడిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ల గురించి, పొలం గట్ల మీది శాసనాల గురించి. వానకు అరిగేవి కొన్ని, రంగుల కింద పూడిపోయేవి కొన్ని. ముందు తీయవలసిన ఫొటోలు వీటివే.

ఫోను చాలు. మొత్తం ఆకారం కావాలంటే మబ్బు పట్టిన పూట తీయండి. అక్షరాలు కావాలంటే చీకటి పడ్డాక టార్చిలైటును రాతికి పక్కగా, ఏటవాలుగా పట్టండి. ఎదురు వెలుగులో కనపడని గీత కూడా నీడతో తేలుతుంది. ఫోను కదపకుండా, లైటును మాత్రం చుట్టూ జరుపుతూ పదేపదే తీయండి. అక్షరాల్లో సుద్ద నింపొద్దు, రంగు గీకొద్దు. పూజలందుకునే రాయి అయితే ముందు ఊరివాళ్లను అడగండి. ఊరి పేరు, తేదీ, రాయి ఏ దిక్కుకు చూస్తోందో, దాన్ని అక్కడ ఏమని పిలుస్తారో రాసుకుని, ఒరిజినల్ ఫొటోలను రెండు చోట్ల దాచండి.

సెలవు, నమస్కారం.