థాయ్ అమ్మాయిల క్రికెట్: సాఫ్ట్‌బాల్ చేతులు, డాట్ బాల్స్ లెక్క

అందరికీ నమస్కారం. అమ్మాయిలకు క్రికెట్ నేర్పే కోచ్‌లు, పీఈటీలు ఇంతమంది ఒకచోట కలిశారు కాబట్టి థాయ్‌లాండ్ మహిళల జట్టు గురించి చెప్పాలనిపించింది. వీధిలో క్రికెట్ కనబడని దేశం అది. అక్కడి అమ్మాయిలు 2020లో ఆస్ట్రేలియాలో టీ20 ప్రపంచకప్ ఆడారు. అంతకుముందు 2018-19లో వరసగా 17 టీ20 మ్యాచ్‌లు గెలిచి, ఆస్ట్రేలియా పేరిట ఉన్న 16 విజయాల రికార్డును దాటారు. ఆ గెలుపుల్లో చాలావరకు చిన్న జట్ల మీదే, నిజమే. కానీ ఎదుట ఎవరున్నా పదిహేడుసార్లు తడబడకుండా ఆడటం తేలిక కాదు.

ఆ ప్రపంచకప్‌లో కెప్టెన్ సోర్న్నరిన్ టిపోచ్. బేస్‌బాల్‌ను పోలిన సాఫ్ట్‌బాల్ నుంచి వచ్చిన అమ్మాయి. జట్టులో ఇంకొందరూ అలా వచ్చినవాళ్లే. మన స్కూళ్లలోనూ సాఫ్ట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడే పిల్లలున్నారు కదా, అందుకే ఈ మార్పు ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెబుతాను.

సాఫ్ట్‌బాల్ పిల్ల దగ్గర మొదటిరోజే పనికొచ్చేది త్రో. బంతి అందుకున్న మరుక్షణం వదలడం, నేలకు సమాంతరంగా విసరడం వాళ్లకు అలవాటే. చిక్కల్లా చేతికి గ్లవ్ లేకపోవడం. గ్లవ్‌తో పట్టినట్టే వేళ్లు బంతి వైపు చాచి పడితే వేలు చితుకుతుంది. అందుకని ముందు టెన్నిస్ బంతితో, వేళ్లు పైకో కిందికో ఉంచి, బంతితోపాటు చేతుల్ని వెనక్కి తీసుకుంటూ పట్టించాలి. తోలు బంతి ఆ తర్వాతే.

బ్యాటింగ్‌లో అలవాటు మాన్పించడం కష్టం. సాఫ్ట్‌బాల్‌లో బంతి నేల తాకకుండానే వస్తుంది, బ్యాట్ అడ్డంగా తిప్పితే చాలు. ఇక్కడ పిచ్ పడి లేచే బంతికి అదే ఊపు ఊపితే బౌల్డ్, లేదా ఎల్బీ. పైగా అక్కడ వెనక్కి వెళ్లిన బంతి ఫౌల్, పరుగుండదు. ఇక్కడ బ్యాటర్ వెనక, థర్డ్‌మ్యాన్, ఫైన్‌లెగ్ వైపు పరుగులు కాచుకుని ఉంటాయి. ఆ సంగతి వాళ్ల ఒంటికి పట్టేదాకా కట్, గ్లాన్స్ షాట్లు రావు.

ఇక బౌలింగ్. అక్కడి పిచింగ్ నడుం కింద నుంచి వేసేది, ఇక్కడ దేనికీ పనికిరాదు. పైనుంచి వేయమంటే త్రో అలవాటుతో మోచెయ్యి వంగుతుంది. నిబంధన ప్రకారం వంగిన మోచెయ్యి బంతి వేసేటప్పుడు 15 డిగ్రీలకు మించి నిటారు కాకూడదు. ఒక మోకాలు నేలకానించి కూర్చోబెట్టి, భుజం మాత్రమే తిప్పి వేయించండి. చెయ్యి చెవి పక్కగా వెళ్లడం కుదిరాక నిలబెట్టి, ఆ తర్వాత మూడడుగుల రనప్ ఇవ్వండి. పేస్ కోసం తొందరపెడితే మోచెయ్యి మళ్లీ వంగుతుంది, స్పిన్‌తో మొదలుపెడితే ఆ బెడద తక్కువ.

థాయ్ జట్టు బలమూ స్పిన్నే. 2018 ఆసియాకప్‌లో శ్రీలంకను 104 పరుగులకు ఆపింది వోంగ్‌పకా లియెంగ్‌ప్రసెర్ట్, 12 పరుగులకు 5 వికెట్లు తీసి. 2023లో ఎడమచేతి స్పిన్నర్ తిపట్చా పుత్థవోంగ్ నెదర్లాండ్స్ మీద నాలుగు వరస బంతుల్లో నాలుగు వికెట్లు పడగొట్టింది.

మరి 2020 ప్రపంచకప్‌లో ఏమైంది? వెస్టిండీస్ మీద 78, ఇంగ్లండ్ మీద 78, దక్షిణాఫ్రికా మీద 82. ఓటమికి కారణం సిక్సర్లు కొట్టలేకపోవడం అనుకుంటారు. నా దృష్టిలో అసలు జబ్బు డాట్ బాల్స్, అంటే పరుగు రాని బంతులు. లెక్క వేసి చూడండి. 120 బంతుల్లో 70 డాట్లు పోతే మిగిలేది 50. బంతికి ఒకటిన్నర చొప్పున 75 పరుగులు. అదే డాట్లు 50కి తగ్గితే, కొట్టే బలం ఏమీ పెరగకుండానే 105 అవుతాయి. నెట్స్‌లో బౌండరీలకు పరుగులివ్వకుండా, సింగిల్స్‌కు మాత్రమే లెక్కకట్టి నాలుగేసి ఓవర్లు ఆడించండి. పిల్లలకు మొదట నచ్చదు, విసుక్కుంటారు. మానకండి.

ఆ టోర్నీ చివరి మ్యాచ్‌లో, సిడ్నీలో, పాకిస్తాన్ మీద వాళ్లు 3 వికెట్లకు 150 చేశారు. నట్టకన్ చంతమ్ 56, నట్టయ బూచథమ్ 44, తొలి వికెట్‌కు 93. తర్వాత వాన వచ్చి ఫలితం లేకుండా పోయింది. ఆ లెక్క 2022 ఆసియాకప్‌లో తీరింది. సిల్హెట్‌లో పాకిస్తాన్ చేసిన 116ను ఒక బంతి మిగిలుండగా దాటేశారు, చంతమ్‌వి 61. అదే టోర్నీలో భారత్ చేతిలో 37కే కుప్పకూలారు. ఆరు ఓవర్లలో ఆట ముగించిన ఆ ఛేదనలో మన ఆంధ్ర అమ్మాయి సబ్బినేని మేఘన అజేయంగా నిలిచింది. అయినా థాయ్‌లాండ్ సెమీస్ చేరింది.

ఒక అన్యాయం మాత్రం చెప్పకుండా ఉండలేను. 2021 నవంబరులో హరారేలో వన్డే ప్రపంచకప్ క్వాలిఫయర్ జరుగుతుండగా ఒమిక్రాన్ వచ్చింది, టోర్నీ మధ్యలోనే ఆగిపోయింది. ర్యాంకింగ్స్ చూసి బెర్తులు ఇచ్చారు. అదే టోర్నీలో బంగ్లాదేశ్‌ను థాయ్‌లాండ్ ఓడించింది. అయినా బంగ్లాదేశ్ ప్రపంచకప్‌కు వెళ్లింది. థాయ్‌లాండ్‌కు వన్డే హోదా లేదు, అంటే వాళ్ల మ్యాచ్‌లకు అధికారిక వన్డేలుగా గుర్తింపు లేదు. హోదా లేకపోతే ర్యాంకు లేదు. మైదానంలో గెలిచినది కాగితం మీద లెక్కకు రాలేదు. ఆ హోదా 2022 మేలో వచ్చింది. నవంబరులో నెదర్లాండ్స్‌తో తొలి వన్డే ఆడితే చంతమ్ 102 కొట్టింది, సిరీస్ 4-0తో గెలిచారు.

ఇప్పుడు వాళ్లకు కావాల్సింది తమకన్నా గట్టి జట్లతో 50 ఓవర్ల ఆట. ఇరవై ఓవర్లు నిలిచిన బ్యాటర్‌కు ముప్పయ్యో ఓవర్‌లో పాత బంతితో స్పిన్ ఎలా ఆడాలో మ్యాచ్ ఆడితేనే తెలుస్తుంది. మన ఆంధ్ర, హైదరాబాద్ మహిళల జట్లకూ దేశవాళీ సీజన్ బయట ఇలాంటి మ్యాచ్‌లు దొరకడం కష్టమే. బ్యాంకాక్ ఏమంత దూరం కాదు. అక్కడి వానలు అక్టోబరుతో తగ్గుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు, మన టోర్నీలకు అడ్డురాని పది రోజులు చూసుకుని అయిదు మ్యాచ్‌లు పెట్టుకోవచ్చు. సంఘాల పెద్దలు కూడా ఈ సభలో ఉన్నారు, ఆ తేదీలు చూడమని అడుగుతున్నాను.