పొగగొట్టంలో దొరకని ఓజోన్

అందరికీ నమస్కారం. ఓజోన్ మనల్ని కాపాడుతుందని కదా బళ్ళో చెప్పారు, మరి కాలుష్యం అంటారేంటి అని చాలామంది అడుగుతారు. 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తులో ఉన్నది కాపాడుతుంది, నిజమే. అదే వాయువు మనం పీల్చే గాలిలో చేరితే ఊపిరితిత్తుల్ని రేపుతుంది, ఆస్తమా ఉన్నవాళ్ళకి మరీ కష్టం.

చిక్కెక్కడంటే, ఏ ఫ్యాక్టరీ గొట్టంలోంచీ ఓజోన్ తయారై రాదు. బాయిలర్లూ కొలిముల నుంచి నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. ట్యాంకుల మూతలూ వాల్వులూ పైపుల అతుకుల సందుల్లోంచి పెట్రోలు లాంటి హైడ్రోకార్బన్ ఆవిర్లు జారిపోతుంటాయి. ఈ రెంటినీ కలిపి ఎండ వండుతుంది, అది ఉడికేలోపు గాలి ఎక్కడికో తోసుకుపోతుంది కాబట్టి ఫ్యాక్టరీ ఒకచోట, దగ్గు ఇంకోచోట. నల్లపొగ కనబడితే మనం గొడవ చేస్తాం, కంటికి కనబడని ఈ ఆవిరిని ఎవరడుగుతారు?

1943లో లాస్ ఏంజెలెస్‌లో జనం కళ్ళు మండిపోతుంటే, నేరం ఒక కృత్రిమ రబ్బరు ముడిసరుకు ప్లాంటు మీద పడింది. దాన్ని ఆపారు, మంట ఆగలేదు. 1950ల మొదట్లో ఏరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త రిఫైనరీల ఆవిర్లూ కార్ల పొగా ఎండలో ఓజోన్‌గా మారుతున్నాయని చూపించాడు. ఓజోన్‌ని పట్టడానికి ఆయన వాడింది వంచిన రబ్బరు ముక్కలు, ఎంత త్వరగా పగిలితే అంత ఓజోన్ అన్నమాట! తిలా పాపం తలా పిడికెడు అని తేలాక కార్ల కంపెనీలకి అది అస్సలు నచ్చలేదనుకోండి.

నాకు ఇంతకన్నా ముఖ్యంగా అనిపించేది అమెరికాలోని హ్యూస్టన్ నగరం సంగతి. 2000లో అక్కడి పెట్రోకెమికల్ ప్లాంట్ల మీదుగా విమానాలు పంపి గాలిని కొలిస్తే, ఎథిలీన్, ప్రొపిలీన్ లాంటి హైడ్రోకార్బన్లు కంపెనీల లెక్కల్లో ఉన్నదానికి ఎన్నో రెట్లు బయటపడ్డాయి. ఇవి మామూలు ఆవిర్లు కావు, చాలా చురుకైనవి, గంటల్లోనే ఓజోన్ పోగుచేస్తాయి. కాగితం మీది అంకెల్ని నమ్మి ఓజోన్‌ని లెక్కకట్టిన కంప్యూటర్ నమూనాలన్నీ ఎందుకు తప్పుతున్నాయో అప్పుడు అర్థమైంది.

అలాగని నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గిస్తే సరిపోతుందా అంటే, వెంటనే కాదు. అవి బాగా దట్టంగా ఉన్నచోట తాజాగా వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌నే తినేస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో వాహనాలు ఆగాయి, చాలా నగరాల్లో నైట్రోజన్ ఆక్సైడ్లు పడిపోయాయి, ఓజోన్ మాత్రం పెరిగింది. దీన్ని సాకుగా చూపించి "మేం తగ్గించినా లాభం లేదు" అనే పరిశ్రమలవాళ్ళూ ఉన్నారు, అది మాత్రం నేనొప్పుకోను. ఆవిర్లనీ కలిపి తగ్గించాలి, నైట్రోజన్ ఆక్సైడ్లని ఇంకా కిందికి దించాలి, అప్పుడే ఓజోన్ కూడా దిగుతుంది.

అందుకే పరిశ్రమవాళ్ళు ఎదురుపడితే పొగగొట్టం సంగతి ఒక్కటే అడక్కండి. లీకుల్ని పట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో వాల్వుల్ని చివరిసారి ఎప్పుడు చూశారు, ప్లాంటు ఆపినప్పుడూ మళ్ళీ మొదలెట్టినప్పుడూ ఫ్లేర్‌కి, అంటే మిగులు వాయువుల్ని తగలబెట్టే గొట్టానికి, ఎంత పంపారు, అది పూర్తిగా మండిందా లేదా అని కూడా అడగండి.