5ఏ, 7ఏ, 5బీ: మీ చేతికి ఏ స్టిక్స్ కుదురుతాయి?

నమస్తే అండీ. ఈ రోజు టేబుల్ మీద ఏడు జతల డ్రమ్ స్టిక్స్ ఉన్నాయి. ఆరు నావి, ఒకటి నా దగ్గర నేర్చుకునే పిల్లాడిది. ముందు ఆ జత సంగతి చెప్తాను.

పోయిన నెల వాడు మొహం చిన్నబుచ్చుకుని వచ్చాడు. "సార్, రెండు నెలల నుంచి కొడుతున్నా. సింగిల్ స్ట్రోక్ రోల్ సమంగా రావట్లేదు. కుడిచెయ్యి ఒకలా పలుకుతోంది, ఎడమచెయ్యి ఒకలా" అన్నాడు. కుడి, ఎడమ చేతులతో ఒక్కో దెబ్బ చొప్పున మార్చి మార్చి కొట్టడమే సింగిల్ స్ట్రోక్ రోల్. పట్టు చూశాను, బాగానే ఉంది. వాడి స్టిక్స్ తీసుకుని ప్రాక్టీస్ ప్యాడ్ మీద కొడితే అప్పుడు అర్థమైంది. ఇంట్లో వంటగది త్రాసు మీద పెట్టాను. ఒకటి 48 గ్రాములు, ఇంకొకటి 57. రెండూ ఒకే ప్యాకెట్లో వచ్చినవే. పాపం రెండు నెలలూ తన ఎడమచేతినే తిట్టుకున్నాడు. నిజంగా బాధనిపించింది. అందుకే ఈ వీడియో.

మన డప్పు వాయించేవాళ్లను గమనించండి. కుడిచేతిలో లావుపాటి సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. రెండింటి పని వేరు కాబట్టి కావాలనే వేర్వేరు పుల్లలు పట్టుకుంటారు. డ్రమ్ కిట్ దగ్గర అలా కాదు. రెండు చేతులూ ఒకే మాట పలకాలి. జత కుదరకపోతే ఎంత ప్రాక్టీస్ చేసినా లాభం లేదు.

కాబట్టి అబిడ్స్‌లోనో కోఠీలోనో షాపుకి వెళ్లినప్పుడు కంపెనీ పేరు చూసి ప్యాకెట్ తీసుకుని వచ్చేయకండి. విప్పి చూపించమని అడగండి. గాజు కౌంటర్ ఉంటే దాని మీద ఇలా మెల్లగా దొర్లించండి. కళ్లు కౌంటర్ ఎత్తుకి దించి చూడాలి. ఇదిగో, ఈ స్టిక్ చూడండి, కర్రకీ గాజుకీ మధ్య సన్నటి వెలుతురు కనపడుతోంది, పోతోంది, మళ్లీ కనపడుతోంది. అంటే వంకర ఉంది. పక్కన పెట్టేయండి. తర్వాత రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని చెక్క మీద ఒక్కోటీ తట్టండి. వినండి... ఇది టక్. ఇది టిక్. శ్రుతి తేడా తెలుస్తోంది కదా? ఇది ఆ పిల్లాడి జత. ఇప్పుడు నాది... టక్, టక్. ఈ పనే విక్ ఫర్త్ వాళ్లు ఫ్యాక్టరీలో చేసి, శ్రుతి కలిసినవాటినే జత కడతారు. బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో టింపనీ, అంటే గిన్నె ఆకారపు పెద్ద డ్రమ్స్, వాయించిన మనిషి 1963లో పెట్టిన కంపెనీ అది. వాద్యకారుడి చెవి ఆ పద్ధతిలో కనిపిస్తుంది.

చెక్క గీతలు కూడా చూడండి. పొడుగునా తిన్నగా వెళ్తే మంచిది. మధ్యలో ఏటవాలుగా పక్కకి జారిపోతే, ఒక రోజు డ్రమ్ అంచునీ పైచర్మాన్నీ కలిపి కొట్టే రిమ్‌షాట్‌కి సరిగ్గా అక్కడే విరుగుతుంది.

ఇప్పుడు స్టిక్స్ మీద ఉండే 5ఏ, 7ఏ లాంటి నంబర్లు. ఏ అంటే ఆర్కెస్ట్రా, బీ అంటే బ్యాండ్, ఎస్ అంటే స్ట్రీట్, అంటే వీధిలో మార్చింగ్ కోసం. పాత రోజుల పేర్లు అలా ఉండిపోయాయి. అంకె తగ్గేకొద్దీ సాధారణంగా లావు పెరుగుతుంది. 7ఏ సన్నం, 5ఏ మధ్యస్థం, 5బీ లావు, 2బీ ఇంకా లావు. కానీ ఈ నంబర్లకి ఐఎస్ఐ మార్కులాంటి కట్టుబాటు ఏదీ లేదు. విక్ ఫర్త్ 5ఏ మందం 0.565 అంగుళాలు. వేటర్ వాళ్ల లాస్ ఏంజెలెస్ 5ఏ 0.570. ప్రోమార్క్ క్లాసిక్ 5ఏ 0.551. కాగితం మీద వెంట్రుకవాసి తేడా, కానీ మూడు గంటలు వాయించాక మణికట్టుకి బాగా తెలుస్తుంది. "నాకు 5ఏ పడదు" అనేవాళ్లు చాలామంది ఒక్క కంపెనీ 5ఏ మాత్రమే పట్టుకుని ఉంటారు.

బరువు ఎక్కడ ఉందన్నది మందం కంటే ముఖ్యం, నా లెక్కలో. కొన వైపు సన్నబడే భాగం పొడుగ్గా ఉంటే బరువు వెనక్కి వస్తుంది, స్టిక్ చకచకా పైకి లేస్తుంది. పొట్టిగా ఉంటే బరువు ముందుకి పోతుంది, దెబ్బ గట్టిగా పడుతుంది. ప్రోమార్క్‌లో ఈ రెండు రకాలూ రీబౌండ్, ఫార్వర్డ్ అనే పేర్లతో విడివిడిగా దొరుకుతాయి. చెమట పడుతుందని వెనక టేప్ చుట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, ఆ టేప్ కూడా బరువుని వెనక్కి లాగుతుంది. మే నెలలో ఏసీ లేని జామ్ రూమ్‌లో నేనూ టేప్ వేస్తాను. కానీ రెండు స్టిక్స్‌కీ స్కేల్ పెట్టి కొలిచి ఒకే పొడుగు చుడతాను.

చెక్కల్లో హికరీ అందరికీ సరిపోతుంది, దెబ్బ తాలూకు అదురుని బాగా మింగుతుంది. మేపుల్ తేలిక. ఓక్ బరువు, గట్టిది, ఎక్కువ రోజులు వస్తుంది కానీ అదురు చేతికి తెలుస్తుంది.

కొన గురించి మాత్రం కాస్త ఆగి మాట్లాడాలి. స్నేర్ డ్రమ్ మీద పెద్దగా తెలియదు, రైడ్ సింబల్ అనే పెద్ద కంచు తాళం మీద కొన ఒక్కటే స్వరాన్ని మార్చేస్తుంది. గుండ్రటి చిన్న కొన... టింగ్, టింగ్, ప్రతి దెబ్బా విడిగా వినిపిస్తుంది. ఇప్పుడు పీపా ఆకారపు బ్యారెల్ కొన... స్వరం లావుగా, వెడల్పుగా ఉంది. ఇది నైలాన్ కొన... స్వరం ఎంత మెరుపుగా ఉందో వినండి. చెక్క కొనలు త్వరగా అరిగిపోతున్నాయని అమెరికా డ్రమ్మర్ జో కలాటో 1958లో నైలాన్ కొన తయారు చేశాడు. అంత త్వరగా అరగదు, నిజమే. కానీ జిగురు వదిలితే ఎగిరిపోతుంది. శంషాబాద్ వైపు ఒక రిసెప్షన్‌లో నాకు సరిగ్గా అదే జరిగింది. పాట మధ్యలో కొన ఊడి కీబోర్డ్ వాయించే అన్న కాళ్ల దగ్గర పడింది. అప్పటి నుంచి పక్కనుండే పెద్ద డ్రమ్, ఫ్లోర్ టామ్‌కి వేరే జతలున్న స్టిక్ బ్యాగ్ తగిలించకుండా కూర్చోలేదు.

మరి ఏది కొనాలి? సికింద్రాబాద్‌లో చిన్న చర్చిలో వాయించేవాళ్లు 7ఏ మేపుల్ చూడండి. పాడేవాళ్ల గొంతు మునగదు, మీరు చేయి కట్టేసుకుని వాయించక్కర్లేదు. ఫంక్షన్ హాల్లో తీన్‌మార్ బీటు అడుగుతారు, అక్కడ సన్నటి స్టిక్‌తో గట్టిగా బాదితే భుజం నొప్పి తప్ప ఇంకేం రాదు. 5బీ పట్టుకుని మామూలుగా వాయించండి, బరువే పని చేసుకుంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు హికరీ 5ఏ, చెక్క కొనతో మొదలుపెట్టండి. బయటి నుంచి వచ్చే మంచి జతకి వెయ్యి రూపాయల పైనే పెట్టాలి, తెలుసు. అంత కుదరకపోతే తక్కువ ధరలో దొరికేవాటిలోనే పది స్టిక్స్ కౌంటర్ మీద పరిచి, తట్టి, మీరే రెండింటిని జత కట్టుకోండి.

ఆ పిల్లాడికి నేను అలాగే చేశాను. షాపాయన ఓపిగ్గా డబ్బా మొత్తం ముందు పెట్టాడు. పిల్లాడు చెవి దగ్గర పెట్టుకుని ఒక్కోటీ తట్టి, పద్నాలుగోదానికి "సార్, దొరికింది" అన్నాడు. ఇంటికి తెచ్చి తూచాం. 52, 52.

ఇప్పుడు ఒకే బీటు, ముందు వాడి పాత జతతో, తర్వాత కొత్త జతతో వాయిస్తాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్లు మూసుకుని ఎడమచేతి దెబ్బ మీదే చెవి పెట్టండి. వన్, టూ, త్రీ, ఫోర్...